అల్లుడు వదిలిన ఖాళీ

మేస్త్రి నింపితే బుడగ మిగలదు. ఆ వర్క్‌షాపులో ఇది అందరూ ఒప్పుకున్న మాట. ఒప్పుకోని వాళ్ళెవరైనా ఉంటే మేస్త్రి వాళ్ళని కూర్చోబెట్టి ఒప్పించేదాకా వదిలేవాడు కాదు.

సముద్రం అడుగున బిగించే ఇనప సామాను తయారుచేసే చోటు అది. ఆ సామానులో సందులుంటాయి, గూళ్ళుంటాయి. వాటిలోకి ఉప్పునీరు దూరి పాడుచేయకుండా ముందే నూనె నింపి మూత బిగిస్తారు. ఆ నింపడం మేస్త్రి పని. గరాటా పెట్టి, సన్నటి ధారగా పోసి, కొయ్య సుత్తితో చుట్టూ తట్టి, మూలల్లో నక్కిన బుడగల్ని ఒక్కొక్కదాన్నే పైకి రప్పించి, మళ్ళీ పోసి, మళ్ళీ తట్టి, చివరికి ఇనుముకి చెవి ఆనించి వినేవాడు. తృప్తి కలిగాక "నిండుకుండ తొణకదు" అని మూత తిప్పేవాడు. పొద్దస్తమానం అదే మాట అనేసరికి జనం ఆయన అసలు పేరు మరిచిపోయి నిండుకుండ మేస్త్రి అన్నారు. ఆయనా ఆ పేరుకే పలికాడు.

అలాంటి మనిషికి ఖాళీ వదిలే అల్లుడు దొరికాడు.

అల్లుడు అదే వర్క్‌షాపులో ఇంజనీరు. కొత్తగా చేరాడు. భోజనం కింద మామగారింట్లో, పడక పైవాటాలో. దీన్ని ఇల్లరికం అనకూడదని అల్లుడు, మరేమనాలని వర్క్‌షాపు. నోట్లో నాలుక లేని మనిషి. ఉన్నా మామగారి ముందు అది పళ్ళు దాటి వచ్చేది కాదు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద పనికి వెళ్ళేవారు. మేస్త్రి నడిపేవాడు, అల్లుడు వెనక కూర్చుని రెండు టిఫిన్ డబ్బాలూ ఒళ్ళో పెట్టుకునేవాడు. దారిపొడుగునా వాళ్ళ సంభాషణ ఇంతే. "పట్టుకున్నావా?" "పట్టుకున్నానండి." వర్క్‌షాపు గేటు దగ్గర "దిగు." అల్లుడు దిగేవాడు.

ఇలా ఉండగా అల్లుడు తన బుర్రతో ఓ జాయింటు తయారుచేశాడు. సముద్రం అడుగున రెండు గొట్టాల్ని కలిపే పెద్ద ఇనప జాయింటు. దాన్ని కొనేవాళ్ళ తరఫున ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి కళ్ళెదుట పరీక్ష చేయిస్తుందన్నారు. మేనేజరు అల్లుణ్ణి పిలిచి, పరీక్ష నెగ్గితే ఉద్యోగం ఖాయమనీ, పోతే ఇంకో చోటు చూసుకోవాలనీ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఈ సంగతి మేస్త్రికి కూతురు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు.

"నాన్నా, ఈ ఒక్కసారికి ఆయన పనిలో వేలు పెట్టనని మాటివ్వు."

"నేనా? నేనెప్పుడైనా ఎవరి పనిలోనైనా వేలు పెట్టానా?"

వంటింట్లోంచి మేస్త్రి భార్య దగ్గింది. ఆమెకి జలుబేమీ లేదు.

"సరే, పెట్టనులే. నా వేళ్ళకి నా పనే చాలు" అన్నాడు మేస్త్రి.

మాట ఇచ్చాడే గానీ మనసులో ఓ ముల్లు ఉండిపోయింది. ఆ జాయింటుకి నూనె నింపడానికి అల్లుడు ఆయన్ని పిలవలేదు. ఇది కొత్త రకం, నేనే నింపుకుంటానన్నాడట. నింపేముందు అందర్నీ మీటింగుకి పిలిచి ఏదో వివరించాడట కూడా. మేస్త్రినీ పిలిచారు. మీటింగులనేవి పనిలేని వాళ్ళ కోసమని ఆయన సిద్ధాంతం. "నింపడం గురించి నాకు చెప్పేదేముంటుంది?" అని వెళ్ళలేదు.

పరీక్ష రేపనగా, మేస్త్రి ఆ జాయింటు పక్కనుంచి నడుస్తూ అలవాటు కొద్దీ వేలి కణుపుతో ఓసారి తట్టాడు. దారిన పోతూ ఇనుము కనిపిస్తే తట్టకుండా ఆయన వెళ్ళలేడు. కింద తడితే "డబ్" అంది. పైన తడితే "టంగ్" అంది.

ఆయన ఆగిపోయాడు. మళ్ళీ తట్టాడు. టంగ్. పైభాగమంతా ఖాళీ. నూనె లేదు. పిచ్చినాయన నింపలేక సగంలో మూత పెట్టేశాడు, రేపు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి తడితే కథ కంచికే అనుకున్నాడు. పది మందిలో చెబితే పిల్లవాడి పరువు పోతుంది. విడిగా పిలిచి చెబితే మాట తప్పావని కూతురు ఇల్లు పీకి పందిరేస్తుంది. చెప్పకుండా చేసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు, అందరికీ మంచిది. ఇంత మంచి ఆలోచన వచ్చినందుకు మేస్త్రికి తన మీద తనకే ముచ్చటేసింది.

భోజనాల వేళ అందరూ క్యాంటీనుకి వెళ్ళారు. మేస్త్రి వెనకబడ్డాడు. మూత కదలకుండా చుట్టిన తీగని కత్తిరించి మూత విప్పాడు. లోపల్నించి "ఫుస్స్" మని గ్యాసు పోయింది. "చూశావా, గాలి" అని తల పంకించాడు. తర్వాత గరాటా తెచ్చి, తన బతుకులో ఎన్నడూ నింపనంత శ్రద్ధగా నింపాడు. కూతురి కాపురం నింపుతున్నట్టే నింపాడు. తట్టాడు, ఆగాడు, తట్టాడు. ఆఖరి బుడగ ఆవగింజంతది, రానని మొరాయిస్తే బుజ్జగించి రప్పించాడు. మూత బిగించి కొత్త తీగ చుట్టాడు. ఆయనది ఎడమచేతి వాటం. అందరూ తీగని కుడివైపు మెలితిప్పితే ఆయనది ఎడమవైపు తిరుగుతుంది. పైన తట్టి చూశాడు. డబ్. చల్లారిపోయిన డబ్బా విప్పుకుని ఒక్కడే కూర్చుని కమ్మగా తిన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మేస్త్రి మేస్త్రిలా లేడు. కూర బాగుందన్నాడు. అల్లుడికి ఇంకాస్త వడ్డించమన్నాడు. తిన్న కంచం తనే తీసుకెళ్ళి కడగబోయాడు. భార్య ఆయన వంక చాలాసేపు చూసింది.

"ఏం చేసొచ్చారు?"

"నేనేం చేశాను?"

"మీరింత మంచిగా ఉన్నారంటే ఎక్కడో ఎవరి కొంపో ముంచే వచ్చుంటారు."

"మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే" అని మేస్త్రి నొచ్చుకుని, తృప్తిగా నిద్రపోయాడు.

మర్నాడు స్కూటరు మీద ఎప్పుడూ జరగనిది జరిగింది. అల్లుడు మాట్లాడాడు. భయం మనిషిని మూగవాణ్ణన్నా చేస్తుంది, వాగుడుకాయనన్నా చేస్తుంది. మొదటిది అల్లుడు ఎలాగూ అయి ఉన్నాడు కాబట్టి రెండోదే మిగిలింది.

"మామయ్యగారూ, నాకు భయంగా ఉందండి."

మేస్త్రి మురిసిపోయాడు. "ఏం భయం లేదు. అంతా సరిగ్గానే ఉంటుంది. నేను చెప్తున్నాగా."

"సముద్రం అడుగున చలి కదండీ. అక్కడ జాయింటు బిగిస్తారు. ఆ తర్వాత గొట్టంలోకి భూమిలోంచి నూనె వస్తుంది. అది మరిగిపోతూ వస్తుంది. ఆ వేడి మనం సందులో పోసిన నూనెకి తగులుతుంది."

"తగలనీ."

"వేడి తగిలితే అది పొంగుతుందండి. చుట్టూ ఇనుము, పైన మూత. పొంగిన నూనె ఎక్కడికి పోతుంది? చోటు లేకపోతే ఎంత మందం ఇనుమునైనా చీల్చేస్తుంది. అందుకని పైన కొంత ఖాళీ ఉంచి అందులో గ్యాసు పెట్టాను. నూనె పొంగితే గ్యాసు నలుగుతుంది, చోటిస్తుంది. అంతేనండి, నా డిజైనంతా ఆ ఖాళీయే. వేరే ఏమీ లేదు."

స్కూటరు రోడ్డుకి ఇటు నుంచి అటు వెళ్ళి మళ్ళీ ఇటు వచ్చింది. ఎవరో సైకిలాయన తిట్టాడు. మేస్త్రికి వినపడలేదు. ఆయన చెవుల్లో నిన్నటి "ఫుస్స్" ఒక్కటే మోగుతోంది.

"ఆ ఖాళీ లేకుండా నిండా ఉంటే?" అని అడిగాడు. గొంతు ఎవరిదోలా ఉంది.

"నిండా ఉంటే ఇంక ఒత్తిడి చూపించే మీటరులో ముల్లు ఆగదండి."

ఇప్పుడు చెప్పాలి. నాయనా, నిన్న నేను నింపేశాను అనాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాటకి? మేస్త్రి నోరు తెరిచాడు. నాలుక పైకి లేచింది. ఎన్నో ఏళ్ళుగా ఎదుటివాళ్ళ తప్పులు చెప్పడానికే అలవాటుపడిన నాలుక అది, కొత్త దారి పట్టనంది.

"పట్టుకున్నావా?" అన్నాడు.

"పట్టుకున్నానండి" అన్నాడు అల్లుడు.

సరే, చెప్పకపోతేనేం, వెళ్ళగానే గుట్టుచప్పుడు కాకుండా విప్పి కాస్త నూనె తీసేస్తే సరి అనుకున్నాడు మేస్త్రి. తీరా వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరమ్మ ముందే వచ్చేసింది. పొట్టి మనిషి, పెద్ద బూట్లు, మాట తక్కువ. జాయింటుని అప్పటికే చల్లటి నీళ్ళ తొట్టిలోకి దించేశారు. కాగిన నూనె పంపే గొట్టం తగిలించేశారు. తొట్టికీ మనుషులకీ మధ్య ఇనప తెర, దాని ముందు గడియారమంత మీటరు. సందులోని ఒత్తిడి పరిమితి దాటితే చిరిగిపోయేలా జాయింటుకి ఓ పలుచని రేకు అమర్చి, దాని గొట్టాన్ని పైకప్పు వైపు తిప్పి పెట్టారు.

మేస్త్రికి కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి అయింది.

"అమ్మా, ఇవాళ కరెంటు సరిగా లేదు. రేపు పెట్టుకుంటే?" అన్నాడు.

"కరెంటు బాగానే ఉందే" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"ఆ పైపు కాస్త పాతది."

"నిన్ననే మార్చాం మేస్త్రిగారూ" అన్నాడు పక్కన ఉన్న ఫిట్టరు.

"అమ్మా, మీరు టీ తాగారా? ముందు టీ తాగండి. తొందరేముంది?"

"తాగాను" అంది ఆమె. "మొదలుపెట్టండి."

మేనేజరు తెల్లచొక్కా వేసుకొచ్చి, అన్నీ బాగా కనపడే చోటు చూసుకుని నిలబడ్డాడు. కాగిన నూనె పారడం మొదలైంది. అల్లుడు చేతులు కట్టుకుని మీటరు ముందు నిలబడ్డాడు. ముల్లు కాసేపు కదల్లేదు. అల్లుడి పెదాల మీద చిన్న నవ్వు మొలిచింది. అది చూడలేక మేస్త్రి ముల్లు వంకే చూశాడు.

అప్పుడు ముల్లు కదిలింది. ఓసారి కదలడం మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. తడబడకుండా, తొట్రుపడకుండా, ఒకే ఊపులో పైకి లేచింది. అల్లుడి నవ్వు మొలిచిన చోటే వాడిపోయింది. "ఇలా ఉండకూడదే" అన్నాడు, ఎవరితోనో కాదు. మీటరు గాజు మీద వేలితో కొట్టాడు. అయినా ముల్లు పెరుగుతూనే ఉంది.

ఇప్పుడైనా చెప్పు, ఆపమను అని మేస్త్రి లోపల ఒకడు అరుస్తున్నాడు. ఇంకాసేపు చూద్దాం, ఏమో, ఆగుతుందేమో అని ఇంకొకడు అంటున్నాడు. ఈ రెండోవాడే ఆయన్ని ఇన్నాళ్ళూ నడిపించినవాడు. ఇద్దరి తగువూ తేలకముందే రేకు చిరిగింది.

ఆ చప్పుడుకి పైకప్పు మీద పావురాలన్నీ లేచిపోయాయి. గొట్టంలోంచి నూనె బాణంలా పైకి తన్ని, రేకుల కప్పుకి కొట్టుకుని, చెదిరి, చల్లారి, తీరిగ్గా కిందకి కారింది. అన్నీ బాగా కనపడే చోటు సరిగ్గా దాని కిందే ఉంది. తెల్లచొక్కా తెల్లచొక్కాగా మిగల్లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ మేనేజరు మొహం చూస్తే తగిలితేనే బాగుండేదేమో అనిపించింది.

"ఇదేనా నీ ఖాళీ?" అన్నాడు మేనేజరు. నూనె ముక్కు మీంచి చుక్కలుగా పడుతోంది. "ఇదేనా నువ్వు మీటింగు పెట్టి మరీ చెప్పింది?"

అల్లుడు వేడి ఆపించి, జాయింటుని గొలుసుతో పైకి తీయించాడు. నీళ్ళు కారుతున్న ఆ ఇనుము చుట్టూ తిరిగి చూశాడు. మూత దగ్గర ఆగాడు. వంగాడు. తీగ మెలిక ఎడమవైపు తిరిగి ఉంది.

ఆ వర్క్‌షాపులో ఎడమచేతి మెలిక వేసేవాడు ఒక్కడే. అల్లుడు తలెత్తి ఆ ఒక్కడి వంక చూశాడు. కోపంగా చూసుంటే మేస్త్రి తట్టుకునేవాడు. కోపం లేదు. పరీక్షలో తప్పానని తెలిసిన పిల్లాడు ఇంటి గుమ్మం వంక చూస్తాడే, అలా చూశాడు. తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగాడు.

"పొరపాటు నాదేనండి. నింపేటప్పుడు ఎక్కువ పోసేసినట్టున్నాను."

మేస్త్రి చెవులకి ఆ మాట రెండు ముక్కలుగా వినపడింది. మొదటి ముక్క గుండెలో గుచ్చుకుంది. ఉద్యోగం దారం మీద వేలాడుతుంటే పిల్లవాడు తన నెత్తిన వేసుకుంటున్నాడు. అయ్యవారిని చేయబోతే కోతి అయితే అయింది గానీ, ఆ కోతిని కూడా వాడే ఎత్తుకున్నాడు. ఇక రెండో ముక్క, 'ఎక్కువ పోసేసినట్టున్నాను' అన్నది, ఇంకెక్కడో గుచ్చుకుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నాలుకని కదిలించింది అదే.

"ఎవరయ్యా పోసింది?" అన్నాడు మేస్త్రి.

"మామయ్యగారూ, మీరు ఊరుకోండి."

"నువ్వు పోస్తే ముల్లు అలా లేస్తుందా? ఒక్క బుడగ ఉన్నా మధ్యలో ఎక్కడో తడబడేది. అమ్మా, మీరు చూశారుగా, ఎక్కడైనా ఆగిందా? అది పొరపాటున పోసింది కాదు. అది నా నింపుడు."

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఇంక వెనక్కి తీసుకోవడానికి లేదు. కొయ్య సుత్తి ఏ జేబులో ఉందోనని తడుముకుంటూ, తల వంచుకుని మిగతాది చెప్పాడు.

"నిన్న భోజనాలప్పుడు నేనే విప్పాను. ఈయన ఖాళీ వదిలాడు. నేను చేతగాక వదిలాడనుకున్నాను. మీటింగుకి పిలిస్తే రాలేదు. అడగలేదు. అడగాలని తోచలేదు." తల ఎత్తాడు. "తప్పు నాదమ్మా. అబ్బాయిది కాదు."

మేనేజరు నోరు తెరిచేలోగా ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యెత్తింది. "మీ ఇద్దరిదీ తర్వాత చూసుకోండి" అని, అల్లుడి వైపు తిరిగింది. "నిండా ఉంటే ఏమవుతుందో మీరు డిజైను కాగితాల్లో రాసినట్టే అయింది. ఖాళీ ఉంటే ఏమవుతుందో కూడా చూద్దాం. కొత్త రేకు వేసి మీరే నింపండి, నా ముందు." మేస్త్రిని చూపించి, "ఈయన మాత్రం లోపల ఉండకూడదు" అంది.

మేస్త్రి బయటికి వచ్చి తలుపు పక్కనున్న ఖాళీ పీపా మీద కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. భార్య.

"అయిపోయిందా?"

"ఇంకోసారి చేస్తున్నారు."

"విప్పారు కదూ" అంది ఆమె.

"నీకెలా తెలుసు?"

"కూర బాగుందన్నప్పుడే అనుకున్నాను. అందులో నిన్న ఉప్పు వెయ్యడం మరిచిపోయాను." ఆమె గొంతు తగ్గించింది. "అమ్మాయి పక్కనే ఉంది. ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకు. వచ్చి నేనే చెప్తాను" అన్నాడు మేస్త్రి.

ఫోను పెట్టేశాక ఆయన తలుపు వైపు చెవి పెట్టాడు. నూనె పంపే మోటారు మొదలైంది. ఇంక ఆ చప్పుడు కోసం ఎదురుచూశాడు. ఇందాకటి చప్పుడు ఎప్పుడొస్తుందోనని భుజాలు బిగించుకుని కూర్చున్నాడు. ఎవరో తలుపు లోపల దగ్గితే లేచి నిలబడ్డాడు. పావురాలు ఒక్కొక్కటే తిరిగొచ్చి కప్పు మీద వాలాయి. అవి రెక్క విదిల్చినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడ్డాడు. తన పని బాగుండాలని ఆయన ఎప్పుడూ కోరుకున్నాడు. ఇంకొకరి పని బాగుండాలని ఇంత గట్టిగా కోరుకోవడం కొత్త.

మోటారు ఆగింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుని అల్లుడు వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, మోచేతుల దాకా నూనె. మామగారిని కొంచెం జరగమని అడక్కుండానే పీపా మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదండి."

"ఏమీ కాలేదా?"

"ముల్లు కొంచెం లేచింది. ఆగిపోయింది. ఎంత వేడి పెట్టినా ఇంక లేవలేదు. ఆవిడ సంతకం పెట్టింది. ఉద్యోగం ఖాయమన్నాడు మేనేజరు." కాస్త ఆగి, "మిమ్మల్ని రేపు గదికి రమ్మన్నాడు. చొక్కా గురించి కూడా మాట్లాడతాడట" అన్నాడు.

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు బదులు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అవి పీపా నూనె అంటిన చేత్తో తుడుచుకోవడం వల్ల ఇంకా ఎక్కువయ్యాయి. ఏడుస్తున్నానని దాచడానికి వీల్లేకపోయింది, దాచలేదు.

"నీకు తెలిసిపోయింది కదా, నేనే విప్పానని. మరి నీ మీదెందుకు వేసుకున్నావు?"

"సాయంత్రం మీ వెనకే కూర్చుని ఇంటికి రావాలి కదండీ."

మేస్త్రి ఆ మాటని కాసేపు మనసులో తిప్పుకున్నాడు. దానిలో ఎగతాళి ఎంతో, నిజం ఎంతో ఆయనకి తెలియలేదు. అల్లుడికి ఎగతాళి చెయ్యడం వచ్చని కూడా ఆయనకి ఇప్పుడే తెలిసింది.

"ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే పంక్తిలో భోంచేస్తాం. ఈ ఖాళీ సంగతి ముందే నాతో ఒక్క మాట అనొచ్చు కదయ్యా" అన్నాడు, కొంచెం నిష్ఠూరంగానే.

అల్లుడు తన నూనె చేతుల వంక చూసుకుంటూ మెల్లగా అడిగాడు.

"చెప్తే వినేవారా మామయ్యగారూ?"

వినేవాణ్ణే అనడానికి మేస్త్రి నోరు తెరిచాడు. అల్లుడు తొందరపెట్టకుండా కూర్చున్నాడు.

"వినేవాణ్ణి కాదు" అన్నాడు మేస్త్రి. అని, పీపా మీద అల్లుడి వైపుకి తిరిగి కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఎంత వేడికి ఎంత పొంగుతుంది, ఎంత వదలాలి, మొదట్నించీ చెప్పు."

అల్లుడు చెప్పాడు. మేస్త్రి చివరిదాకా విన్నాడు. మధ్యలో అడ్డం వచ్చింది నాలుగైదుసార్లే.